షెల్ కంపెనీ కర్బన లెక్కలు, వాతావరణ హామీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్రోలు అమ్ముకునే కంపెనీ నోట 'నెట్ జీరో' (విడిచే పొగనూ వెనక్కి తీసుకునేదాన్నీ సరిసమానం చేయడం) మాట వింటే కొందరికి నవ్వొస్తుంది, కొందరికి ఆశ పుడుతుంది. రెండూ తొందరపాటే. షెల్ ఏ అంకెకు మాటిచ్చింది, ఏ అంకె జోలికి పోలేదు, ఇచ్చిన మాటల్లో దేన్ని తర్వాత సవరించుకుంది అన్నది విడివిడిగా చూస్తే తప్ప విషయం తేలదు. ఇన్ని చమురు కంపెనీల్లో షెల్‌నే తీసుకోవడానికి కారణం ఉంది. దాని హామీల మీద కోర్టులో ఏళ్ళ తరబడి వాదోపవాదాలు నడిచాయి కాబట్టి, మిగతా కంపెనీల విషయంలో ఊహించుకోవాల్సినవి ఇక్కడ కాగితం మీద దొరుకుతాయి. ఈ జవాబులు 2025 వరకు జరిగినవాటి ఆధారంగా రాసినవి.

షెల్ వల్ల ఏడాదికి ఎంత కార్బన్ గాలిలో కలుస్తోంది?

ఏ లెక్క అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. కంపెనీ సొంతంగా నడిపే బావులు, రిఫైనరీలు, ఓడల నుంచి వచ్చేదీ, అది కొనుక్కునే కరెంటు వల్ల వచ్చేదీ కలిపితే 2024లో కార్బన్ డయాక్సైడ్ లెక్కలో సుమారు 5.8 కోట్ల టన్నులు. కంపెనీ అమ్మిన పెట్రోలు, డీజిలు, విమాన ఇంధనం, గ్యాస్ కొన్నవాళ్ళు కాల్చగా వచ్చేది దీనికి దాదాపు ఇరవై రెట్లు, అంటే ఏటా 110 కోట్ల టన్నుల ప్రాంతం. భారతదేశం మొత్తం బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి ఏడాదికి విడిచేది సుమారు 300 కోట్ల టన్నులు. ఒక్క కంపెనీ అమ్మిన సరుకు పొగ అందులో మూడో వంతుకు పైనే ఉందన్నమాట.

పత్రికల్లో షెల్ ఉద్గారాలు ఇన్ని తగ్గాయని చదివినప్పుడు ముందు అడగాల్సింది ఒకటే: ఆ 5.8 కోట్ల గురించా, ఆ 110 కోట్ల గురించా?

స్కోప్ 1, 2, 3 అంటే ఏమిటి?

పైన చెప్పిన లెక్కకే ఖాతా పేర్లు ఇవి. కంపెనీ చిమ్నీ నుంచి నేరుగా వచ్చేది స్కోప్ 1. కొనుక్కున్న కరెంటు, ఆవిరి తయారీలో వచ్చేది స్కోప్ 2. సరుకులు సరఫరా చేసేవాళ్ళ దగ్గర, కొన్నవాళ్ళ దగ్గర పుట్టేది స్కోప్ 3. సిమెంటు కంపెనీకి స్కోప్ 1 పెద్దది, సాఫ్ట్‌వేర్ కంపెనీకి స్కోప్ 2 ముఖ్యం. చమురు కంపెనీకి మాత్రం దాదాపు అంతా స్కోప్ 3లోనే ఉంటుంది. ఎందుకంటే అది అమ్మేదే కాల్చడానికి.

పెట్రోలు కాల్చింది నేను. ఆ పొగ షెల్ ఖాతాలో ఎందుకు రాయాలి?

కంపెనీ న్యాయవాదులు కోర్టులో వాదించింది కూడా ఇంచుమించు ఇదే. ముందు అసలు ఎంత పొగో చూద్దాం. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. అందులో కార్బన్ 640 గ్రాముల దాకా ఉంటుంది. కాలేటప్పుడు ఆ కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది కాబట్టి బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ 2.3 కిలోలు తూగుతుంది. లీటరు డీజిలుకు సుమారు 2.7 కిలోలు.

ఈ 2.3 కిలోలు మీ ఖాతాలో ఉంటుంది, బంకుకు ఇంధనం అమ్మిన కంపెనీ స్కోప్ 3లో ఉంటుంది, దేశం లెక్కలోనూ ఉంటుంది. ఒకే పొగను మూడు చోట్ల రాస్తున్నారని కొందరి ఫిర్యాదు. అన్నింటినీ కలిపి కూడితే తప్పే. కానీ ఈ ఖాతాలు కూడిక కోసం పెట్టినవి కావు. ఆ పొగను తగ్గించే అవకాశం ఎవరెవరి చేతిలో ఎంతుందో చూడటానికి పెట్టినవి. స్కూటరు నడిపేవాడి చేతిలో కొంత ఉంది. కొత్త బావి తవ్వాలా వద్దా అని తేల్చే బోర్డు చేతిలో ఇంకాస్త ఎక్కువే ఉందని నా అభిప్రాయం.

ఇంతకీ షెల్ ఏమేం హామీలు ఇచ్చింది?

2020 ఏప్రిల్‌లో, 2050 కల్లా నెట్ జీరో ఇంధన సంస్థ అవుతామని ప్రకటించింది. 2021 ఫిబ్రవరిలో దానికి మెట్లు కట్టింది. 2016తో పోలిస్తే తాము అమ్మే ఇంధనం 'కర్బన తీవ్రత'ను 2023కు 6 నుంచి 8 శాతం, 2030కి 20 శాతం, 2035కు 45 శాతం, 2050కి పూర్తిగా తగ్గిస్తామంది. అదే ఏడాది అక్టోబరులో మరొకటి చేర్చింది: సొంత కార్యకలాపాల ఉద్గారాలను, అంటే స్కోప్ 1, 2లను, 2030 నాటికి 2016తో పోలిస్తే సగానికి తెస్తామని.

ఈ సగం హామీ గట్టిదే. టన్నుల్లో చెప్పింది, గడువు దగ్గర్లో ఉంది, 2024 నాటికి 30 శాతం తగ్గింపు చూపించింది కూడా. స్కోప్ 3ని అసలు తలవని చమురు కంపెనీలు ఎన్నో ఉండగా, తను వేరేవాళ్ళ దగ్గర కొని అమ్మిన ఇంధనాన్ని కూడా తీవ్రత లెక్కలో కలిపినందుకు షెల్‌కు కొంత మెప్పు దక్కాలి. చిక్కల్లా ఆ తీవ్రత అనే కొలతలోనే ఉంది.

కర్బన తీవ్రత తగ్గితే ఉద్గారాలు తగ్గినట్టు కాదా?

కాదు. ఈ జవాబు ఒక్కటి గుర్తుంచుకుంటే మిగతా పేజీ చదవకపోయినా పెద్ద నష్టం లేదు.

తీవ్రత అంటే ఒక మెగాజౌల్ (శక్తిని కొలిచే యూనిట్) అమ్మినందుకు ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడిందన్న లెక్క. అది భాగహారం. పైన ఉద్గారాలు, కింద అమ్మిన శక్తి. పైది తగ్గినా ఫలితం తగ్గుతుంది, కిందది పెరిగినా తగ్గుతుంది. మజ్జిగలో ఉప్పెక్కువైతే నీళ్ళు పోస్తాం. తాగేవాడి నాలుకకు చప్పబడుతుంది, గిన్నెలో ఉప్పు మాత్రం వేసినంతా అక్కడే ఉంటుంది.

అంకెల్లో చూడండి. ఒక కంపెనీ 100 యూనిట్ల శక్తిని చమురు రూపంలో అమ్ముతోంది, దాని వల్ల 100 టన్నుల పొగ వస్తోంది అనుకుందాం. తీవ్రత 1. ఆ కంపెనీ ఒక్క పీపా చమురు కూడా తగ్గించకుండా, పక్కన సోలార్ కరెంటు 25 యూనిట్లు అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు 125 యూనిట్లకు 100 టన్నులు. తీవ్రత 0.8. సరిగ్గా 20 శాతం తగ్గింది, అంటే షెల్ 2030కి పెట్టుకున్న లక్ష్యం నెరవేరింది. గాలిలోకి మాత్రం మునుపటిలాగే 100 టన్నులు పోతున్నాయి.

షెల్ సరిగ్గా ఇలాగే చేసిందని నేను అనడం లేదు. కొలత ఇలా చేయనిస్తుంది అంటున్నాను. వాతావరణం టన్నులనే లెక్కపెడుతుంది. భూతాపానికి కళ్ళెం వేయడానికి దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం అడిగేది కూడా మొత్తం టన్నుల సంగతే. పైగా షెల్ తీవ్రత లెక్కలో కార్బన్ క్రెడిట్లు తీసివేసుకునే వీలు కూడా ఉంది. ఎక్కడో అడవిని కాపాడినందుకు కొన్న క్రెడిట్లతో ఇక్కడి పొగను పద్దులో తగ్గించి చూపొచ్చు. ఏటా 12 కోట్ల టన్నుల మేరకు ప్రకృతి ఆధారిత క్రెడిట్లు వాడతామని 2021లో వేసుకున్న ప్రణాళికను ఆ తర్వాత కంపెనీయే పక్కన పెట్టింది.

ఫలితాలు: 2023 చివరికి తీవ్రత 6.3 శాతం, 2024 చివరికి 9 శాతం తగ్గిందని కంపెనీ ప్రకటించింది. తన గడువులను అది అందుకుంది, అయితే కింది గీత దగ్గర.

2024లో షెల్ మాట వెనక్కి తీసుకుందంటారు, నిజమేనా?

నిజమే. 2024 మార్చిలో మూడేళ్ళకోసారి వెలువరించే ప్రణాళికను విడుదల చేస్తూ, 2030 తీవ్రత లక్ష్యాన్ని 20 శాతం నుంచి '15 నుంచి 20 శాతం'గా మార్చింది. 2035కు అనుకున్న 45 శాతాన్ని పూర్తిగా ఎత్తేసింది. 2050 నెట్ జీరో మాత్రం అలాగే ఉంది. అంటే 2030 తర్వాత 2050 దాకా మధ్యలో మెట్టు లేదు. ఇప్పుడు పదవుల్లో ఉన్నవాళ్ళలో 2050కి జవాబుదారీగా మిగిలేదెవరో మీరే ఊహించుకోండి.

అదే సమయంలో ఒక కొత్త అంకె కూడా పెట్టింది. వినియోగదారులు చమురు ఉత్పత్తులు కాల్చడం వల్ల వచ్చే ఉద్గారాలను 2021తో పోలిస్తే 2030కి 15 నుంచి 20 శాతం తగ్గించాలన్నది తమ 'ఆకాంక్ష' అంది. ఇది తీవ్రత కాదు, టన్నుల లెక్క. అందువల్ల మెచ్చుకోవచ్చు. కానీ ఇది చమురుకే పరిమితం. గ్యాస్ అందులో లేదు. కంపెనీ ఎదగాలనుకుంటున్నదేమో గ్యాస్ వ్యాపారంలో.

దీనికి ముందు 2023 జూన్‌లోనే దిశ మారింది. చమురు ఉత్పత్తి ఏటా 1 నుంచి 2 శాతం తగ్గుతుందని 2021లో చెప్పిన కంపెనీ, 2030 దాకా నిలకడగా ఉంచుతామని ప్రకటించింది. ఆ ఏడాది జనవరిలో పగ్గాలు చేపట్టిన వాయెల్ సావాన్ వాదన ప్రకారం, గిరాకీ ఉండగా ఉత్పత్తి కోస్తే ధరలు పెరుగుతాయి, పేద దేశాలు నష్టపోతాయి. ఆ వాదనలో పస లేకపోలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత యూరప్ ఎక్కువ ధర పెట్టి ఎల్‌ఎన్‌జీ (ద్రవంగా మార్చి ఓడల్లో తెచ్చే గ్యాస్) లాక్కుపోతే పాకిస్తాన్, బంగ్లాదేశ్ చీకట్లో మగ్గాయి. అయితే అదే 2022లో షెల్ లాభం దాదాపు 4,000 కోట్ల డాలర్లు, కంపెనీ చరిత్రలోనే రికార్డు. పేద దేశాల మీద బెంగను ఆ అంకెను పక్కన పెట్టుకుని చదువుకోవాలి.

ఉత్పత్తి తగ్గిస్తామన్న మాట నెరవేరిందని కూడా షెల్ చెప్పింది కదా?

చెప్పింది. 2021లో అమెరికాలోని పెర్మియన్ బేసిన్ బావులను 950 కోట్ల డాలర్లకు కొనొకోఫిలిప్స్‌కు అమ్మింది. అనుకున్నంత తగ్గుదల దాంతోనే చాలావరకు వచ్చేసింది, కాబట్టి ఇక తగ్గించక్కర్లేదన్నది లెక్క. బావులు మూతపడలేదు. గేటు మీద బోర్డు మారింది.

ఆస్తులు అమ్మేస్తే ఉద్గారాలు తగ్గినట్టేనా?

కంపెనీ పద్దులో తగ్గుతాయి. హ్యూస్టన్‌లో ఉండే తెలుగువాళ్ళకు ఊరికి తూర్పున ఓడల కాలువ వెంబడి డీర్ పార్క్ రిఫైనరీ తెలిసే ఉంటుంది. షెల్, మెక్సికో ప్రభుత్వ సంస్థ పెమెక్స్ చెరి సగం వాటాతో ఉండగా షెల్ దాన్ని నడిపేది. 2022 జనవరిలో షెల్ తన వాటాను పెమెక్స్‌కు ఇచ్చేసింది. ఆ రోజు నుంచి అక్కడి పొగ షెల్ స్కోప్ 1లో లేదు. చిమ్నీలు అవే. సింగపూర్ బుకోమ్ దీవిలోని రిఫైనరీ 2025 ఏప్రిల్‌లో చేతులు మారింది. నైజీరియా నైజర్ డెల్టాలో నేల మీది చమురు వ్యాపారం 2025 మార్చిలో రెనైసాన్స్ అనే సమూహానికి వెళ్ళింది.

అమ్మకాలన్నీ లెక్క కోసమే అనలేం. నైజీరియాలో పైపుల నుంచి చమురు దొంగతనాలు, లీకులు, దశాబ్దాల కోర్టు కేసులతో ఆ వ్యాపారం కంపెనీకి తలనొప్పిగా మారింది. సొంత ఉద్గారాల తగ్గింపులో అమ్మకాల వల్ల వచ్చినదెంత, యంత్రాల్లో మార్పుల వల్ల వచ్చినదెంత అని షెల్ తన నివేదికల్లో విడిగా చెబుతుంది. తగ్గింపు శాతం ఒక్కటే చూసి వదిలేయకుండా ఆ పట్టిక దాకా వెళ్ళాలి.

హేగ్ కోర్టు కేసు ఏమిటి? చివరికి ఎవరు గెలిచారు?

నెదర్లాండ్స్‌లోని పర్యావరణ సంస్థ మిలియోడిఫెన్సీ, మరికొన్ని సంస్థలు, 17 వేల మందికి పైగా పౌరులు కలిసి 2019లో షెల్ మీద దావా వేశారు. పరిహారం అడగలేదు. కంపెనీ దారి మార్చమని ఆదేశించాలని అడిగారు. డచ్ పౌర స్మృతిలో 'రాయని జాగ్రత్త బాధ్యత' అని ఒకటుంది. ఇతరులకు హాని జరగకుండా సమాజం ఆశించే మేరకు జాగ్రత్తగా మసలుకోవాలి అని. దానికి మానవ హక్కులను జోడించి వాదించారు.

2021 మే 26న హేగ్ జిల్లా కోర్టు తీర్పు చూసి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. 2030 చివరికి 2019తో పోలిస్తే షెల్ గ్రూపు నికర ఉద్గారాలను 45 శాతం తగ్గించాలంది. స్కోప్ 3 కూడా అందులో ఉంది. కాకపోతే ఆ భాగంలో ఫలితానికి కాక, గట్టి ప్రయత్నానికి మాత్రమే కంపెనీని బాధ్యురాలిని చేసింది. ప్రైవేటు కంపెనీకి ఇంత శాతం తగ్గించు అని కోర్టు చెప్పడం అదే మొదటిసారి. షెల్ అప్పీలుకు వెళ్ళింది.

2024 నవంబరు 12న అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. షెల్ గెలిచిందని వార్తలొచ్చాయి. తీర్పు లోపలికి వెళితే సంగతి అంత సూటిగా లేదు. ప్రమాదకరమైన వాతావరణ మార్పు నుంచి రక్షణ మానవ హక్కేననీ, షెల్ లాంటి కంపెనీలకు ఉద్గారాలు తగ్గించే బాధ్యత ఉందనీ అప్పీలు కోర్టు ఒప్పుకుంది. కొత్త చమురు, గ్యాస్ క్షేత్రాల మీద పెట్టుబడులు పారిస్ లక్ష్యాలకు అడ్డురావచ్చని కూడా అంది. కానీ ఒక్కో కంపెనీకి ఇంత శాతం అని కోర్టు గీత గీయడానికి సరిపడా శాస్త్ర ఏకాభిప్రాయం లేదంది. స్కోప్ 1, 2 విషయంలో షెల్ తనంతట తానే సగానికి తెస్తానంటోంది కాబట్టి ఆదేశం అక్కర్లేదంది. స్కోప్ 3 విషయంలో చెప్పింది ఇంకా ఆలోచించదగ్గది: వేరేవాళ్ళు తీసిన ఇంధనాన్ని కొని అమ్మడం షెల్ మానేస్తే దాని ఖాతాలో తగ్గుతుంది, అదే ఇంధనాన్ని ఇంకొకరు అమ్ముతారు, గాలిలో ఏమీ తగ్గదు.

రిఫైనరీల అమ్మకాల మీద విమర్శకులు చేసే వాదన సరిగ్గా ఇదే. ఈసారి అది షెల్‌కు అనుకూలంగా పనికొచ్చింది.

మిలియోడిఫెన్సీ 2025 ఫిబ్రవరిలో డచ్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కొత్త క్షేత్రాల మీద అప్పీలు కోర్టు అన్న ఆ ఒక్క మాటను పట్టుకుని విడిగా మరో దావాకు సిద్ధమైంది. శాతాల మీద పోట్లాట కన్నా ఇదే తెలివైన దారిలా ఉంది. ఎందుకంటే కొత్త బావి తవ్వారా లేదా అన్నదానిలో భాగహారాలు ఉండవు.

'రాయల్ డచ్' పేరు వదిలేసి లండన్ వెళ్ళిపోయింది ఈ కేసు వల్లేనా?

అంతకుముందు కంపెనీ పేరు రాయల్ డచ్ షెల్. 2021 నవంబరులో ప్రకటించి, 2022 జనవరిలో మారింది. రెండు రకాల వాటాల చిక్కు, డచ్ డివిడెండ్ పన్ను కారణాలని కంపెనీ చెప్పింది. తీర్పు వచ్చిన ఆరు నెలలకే కావడంతో అనుమానాలు రావడం సహజం. కేసు మాత్రం హేగ్‌లోనే సాగింది.

గ్యాస్ శుభ్రమైన ఇంధనమే కదా, దాన్ని పెంచితే తప్పేమిటి?

బొగ్గు బదులు గ్యాస్‌తో కరెంటు తీస్తే పొగ దాదాపు సగమే. ఆ మేరకు నిజం. కానీ ఎల్‌ఎన్‌జీ అంటే గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మార్చి ఓడల్లో తీసుకెళ్ళడం. ఆ చల్లబరచడానికే బోలెడంత శక్తి పోతుంది. దారిలో లీకయ్యే మీథేన్ (గ్యాస్‌లో ప్రధాన భాగం ఇదే) ఇరవై ఏళ్ళ కాలంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి లీకులు ఎంతన్నదే అసలు ప్రశ్న. ఎల్‌ఎన్‌జీ బొగ్గు స్థానంలోకి వచ్చిందా, సోలార్ రావాల్సిన చోట కూర్చుందా అన్నది రెండో ప్రశ్న.

షెల్ ప్రపంచంలోనే అతి పెద్ద ఎల్‌ఎన్‌జీ వ్యాపారుల్లో ఒకటి. ఏటా అమ్మకాలను 4 నుంచి 5 శాతం పెంచుతామని 2025 మార్చిలో చెప్పింది. అదే ఏడాది జూన్ చివర్లో కెనడాలోని కిటిమాట్‌లో కట్టిన ఎల్‌ఎన్‌జీ కర్మాగారం నుంచి మొదటి ఓడ బయల్దేరింది. ఆ కర్మాగారంలో షెల్ వాటా 40 శాతం. గుజరాత్‌లోని హజీరాలో ఎల్‌ఎన్‌జీ దింపుకునే టెర్మినల్ కూడా షెల్‌దే.

బావుల దగ్గర గ్యాస్ ఊరికే తగలబెట్టడం ఆపేశారా?

కోనసీమలో ఓఎన్‌జీసీ స్టేషన్ల దగ్గర రాత్రిపూట మంట గొట్టాలు చూసినవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. నైజర్ డెల్టాలో అవి ఊళ్ళ పక్కనే దశాబ్దాలుగా మండుతూ వచ్చాయి. ఇవెరెకాన్ గ్రామస్థుల కేసులో నైజీరియా ఫెడరల్ హైకోర్టు 2005లోనే అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. మంటలు ఆరలేదు.

రోజువారీ ఫ్లేరింగ్‌ను, అంటే ఇలా గ్యాస్ తగలబెట్టడాన్ని, 2025కు సున్నా చేస్తామని షెల్ హామీ. దాని కింద ఒక ఫుట్‌నోటు ఉంది: నైజీరియా అమ్మకం పూర్తయితేనే అని. మీథేన్ తీవ్రతను, అంటే గ్యాస్‌లో లీకయ్యే మీథేన్ వాటాను, 0.2 శాతం లోపు ఉంచుతామన్న హామీని మాత్రం తన సొంత క్షేత్రాల్లో నిలబెట్టుకుంటూ వస్తోంది.

కార్బన్‌ను పట్టి భూమిలో పాతిపెడతామంటున్నారు, అది పనిచేస్తుందా?

పనిచేస్తుంది. కెనడాలోని అల్బర్టాలో క్వెస్ట్ ప్రాజెక్టు 2015 నుంచి ఏటా సుమారు 10 లక్షల టన్నులను భూగర్భంలోకి పంపుతోంది. కట్టడానికీ నడపడానికీ అయ్యే ఖర్చులో పెద్ద భాగం అల్బర్టా, కెనడా ప్రభుత్వాలు భరించాయి. నార్వేలో ఈక్వినార్, టోటల్ ఎనర్జీస్‌తో కలిసి కట్టిన నార్తర్న్ లైట్స్ 2025లో పని మొదలుపెట్టింది. ఇక 10 లక్షలను 110 కోట్లతో భాగించి చూసుకోండి. వెయ్యో వంతు కూడా రాదు.

పచ్చటి ప్రకటనలు నమ్మొచ్చా?

2023 జూన్‌లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ షెల్ ప్రకటనలు కొన్నింటిని నిషేధించింది. చార్జింగ్ పాయింట్లు, పవన విద్యుత్తు చూపించి, వ్యాపారంలో అధిక భాగం చమురు, గ్యాసేనన్న సంగతి దాచారన్నది కారణం. రోటర్‌డామ్‌లో ఏటా 8.2 లక్షల టన్నుల జీవ ఇంధనాల కర్మాగారం అని ఘనంగా ప్రకటించినదాన్ని 2024లో మధ్యలో ఆపి, 2025లో పూర్తిగా వదులుకుంది. ప్రకటనల్లో వచ్చేది మొదలుపెట్టినవాటి జాబితా. మానేసినవాటిది వార్షిక నివేదికల్లో వెతుక్కోవాలి.

భూతాపం సంగతి షెల్‌కు ముందే తెలుసా?

తెలుసు. 1988లోనే కంపెనీ లోపల గ్రీన్‌హౌస్ ప్రభావం మీద గోప్య నివేదిక తయారైంది. తన ఇంధనాల నుంచి ఎంత కార్బన్ వస్తోందో అందులో లెక్క కూడా వేసుకున్నారు. స్కోప్ 3 అన్న పేరు పుట్టకముందే ఆ లెక్క కట్టారని దాని అర్థం. 1991లో సముద్రాలు పెరగడం, కరవుల గురించి హెచ్చరించే విద్యా చిత్రాన్ని కూడా షెల్లే తీయించింది.

మన దేశంలో షెల్ ఏం చేస్తోంది?

హైదరాబాద్‌లో బంకులు చూసే ఉంటారు. 2022లో పుణె కేంద్రంగా ఉన్న స్ప్రింగ్ ఎనర్జీ అనే సోలార్, పవన విద్యుత్తు కంపెనీని 155 కోట్ల డాలర్లకు కొంది. పైన చెప్పిన భాగహారంలో కింది అంకెను పెంచే రకం పెట్టుబడి అది. దానంతటది మంచి పనే.

మిగతా కంపెనీల సంగతేంటి? మన హెచ్‌పీసీఎల్, ఇండియన్ ఆయిల్ కూడా నెట్ జీరో అంటున్నాయి కదా?

బీపీ 2020లో అందరికన్నా పెద్ద మాట చెప్పింది: 2030కి ఉత్పత్తి 40 శాతం తగ్గిస్తామని. 2023లో దాన్ని 25కు దించింది, 2025లో వదిలేసి చమురు, గ్యాస్ మీద పెట్టుబడి పెంచింది. ఎక్సాన్‌మొబిల్ మొదటి నుంచీ సొంత కార్యకలాపాలకే మాటిచ్చింది కాబట్టి తప్పే అవకాశమూ తక్కువ.

మన కంపెనీలదీ రెండో దారే. ఓఎన్‌జీసీ 2038, హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్ 2040, ఇండియన్ ఆయిల్ 2046 అని గడువులు పెట్టుకున్నాయి. ఇవన్నీ స్కోప్ 1, 2కే. విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి 150 లక్షల టన్నులకు పెరిగింది. ఆ రిఫైనరీ సొంత పొగను గ్రీన్ హైడ్రోజన్‌తోనో, సోలార్‌తోనో 2040కి సున్నా చేయగలిగితే పక్కనే ఉన్న మల్కాపురం, శ్రీహరిపురం వాళ్ళ కన్నా సంతోషించేవాళ్ళుండరు. కానీ టన్ను ముడిచమురు నుంచి వచ్చే ఇంధనాలు కాలితే ఇంచుమించు 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 150 లక్షల టన్నుల సామర్థ్యం పూర్తిగా వాడితే లారీల్లో, బస్సుల్లో, వంటింట్లో కాలేది ఏటా 4.5 కోట్ల టన్నుల దరిదాపులకు చేరుతుంది. షెల్ ప్రపంచవ్యాప్తంగా సొంతంగా విడిచే దానికి అది నాలుగింట మూడు వంతులు. హెచ్‌పీసీఎల్ 2040 హామీలో ఆ 4.5 కోట్లు లేవు.